పేక ముట్టని ఇంట్లో ఇరవయ్యొకటి

ఆ రోజుల్లో మాకు తెలివి కంటే ధీమా ఎక్కువండీ. డిగ్రీ చేతికొచ్చిందంటే చాలు, హైదరాబాదు మనకోసమే తలుపు తీసుకుని కూర్చుందనుకునేవాళ్ళం. నేనైతే మరీను. కొత్తపేట నుంచి రావులపాలెం వెళ్ళాలన్నా మామ్మ తోడుండాల్సిన దాన్ని, ఎవరికీ చెప్పకుండా కంప్యూటర్ ఆటలు పరీక్షించే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేసేను. పిలుపూ వచ్చింది. తీరా చూస్తే వాళ్ళు తయారుచేసేది బ్లాక్‌జాక్ నేర్పే సాఫ్ట్‌వేరు. అంటే పేకాట! అది ఆటగాడికిచ్చే సలహా తప్పో ఒప్పో పట్టుకోగలిగితేనే ఉద్యోగమట. అందుకని ఆ సాఫ్ట్‌వేరే పంపించి, నెల్లాళ్ళు దాని మీద సాధన చేసి రమ్మన్నారు.

మా ఇల్లెలాంటిదో చెప్తే గానీ నా అవస్థ మీకు తెలీదు. నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు, పైగా చర్చిలో సంఘ పెద్ద. "పేక పట్టిన చెయ్యి పలక పట్టదు" అని సండే స్కూలు పిల్లలకి చెప్పి చెప్పి అరిగిపోయిన మనిషి. ఏ పెళ్ళిలోనైనా చుట్టాలు పేక తీసేరంటే మమ్మల్ని పంక్తిలోంచి లేపుకొచ్చేసేవారు (ఓసారి వేడి వేడి గారెలు విస్తట్లోనే వదిలేసి వచ్చేం, ఆ కడుపుమంట నాకింకా చల్లారలేదు). అలాంటి ఆయనకి గుండె చిక్కబట్టుకుని విషయం చెప్పేను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "బీఈడీ సీటొస్తుంది కదమ్మా, హాయిగా టీచరువి కావచ్చు" అన్నారు. నేను అన్నం మానేసేను. మామ్మ నా కోసం తనూ మానేసింది. తల్లి పస్తుంటే చూడలేక ఆయనే దిగొచ్చేరు గానీ, ఒక షరతు పెట్టేరు. "పేక మాత్రం గుమ్మం దాటి లోపలికి రాకూడదు. ఆ కంప్యూటర్లో ఏం నేర్చుకుంటావో నేర్చుకో. ఇంటర్వ్యూకి నేనూ వస్తాను. ఆ చోటు నాకు నచ్చకపోతే అక్కడికక్కడే చెప్పేస్తాను, మారుమాటాడకుండా వచ్చి బీఈడీలో చేరాలి." ఆయ్ అన్నాను. అనక ఛస్తానా?

ఇక చూడండి నా సాధన. ఆట వినడానికి తేలికే. మన ముక్కలు కలిపితే ఇరవయ్యొకటికి దగ్గరగా రావాలి, దాటితే మునిగినట్టే. పంచే డీలరు తన ముక్కల్లో ఒకటి మనకి చూపిస్తాడు. దాన్నిబట్టి ఇంకో ముక్క అడగాలా, ఆగాలా అన్నది మనం తేల్చుకోవాలి. అసలు విద్య ఆ తర్వాతే ఉంది. చిన్న ముక్క వెళ్ళిపోతే ఒకటి కలుపుకోవాలి, పెద్ద ముక్క వెళ్ళిపోతే ఒకటి తీసేసుకోవాలి. అలా మనసులో లెక్క నడుపుతుంటే కట్టలో ఇంకా ఏం మిగిలాయో అంచనా తెలుస్తుంది. సాఫ్ట్‌వేరు ముక్కల్ని చకచకా చూపించి "లెక్కెంత?" అనేది. తప్పు చెప్తే బర్రుమని అరిచేది. ఆ పిచ్చి ఎంతవరకూ వెళ్ళిందంటే, చర్చిలో పాటల నంబర్లు రాసిన బోర్డు చూసి ఐదుకి కలిపి, పదికి తీసేసి, ప్రార్థన అయిపోయి అందరూ కూర్చున్నా నేనొక్కదాన్నే నిలబడి ఉన్నాను. మామ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ పక్కన కూర్చునేది. జన్మలో పేక చూసిన మనిషి కాదు, కళావరు గుర్తుని సిలువనుకుని దణ్ణం పెట్టేది. "ఒసేయ్ అమ్మడూ, ఆ గెడ్డపాయనకీ పదే, రాణికీ పదేనా? పోన్లే, న్యాయం తెలిసిన కంప్యూటరే" అని మెచ్చుకుంది కూడాను. నాన్నగారు మాత్రం నా కుర్చీ వెనక పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవారు, ఇటు తొంగి చూసేవారు కాదు.

ఇంటర్వ్యూ రోజొచ్చింది. అద్దాల గది. బయట సోఫాలో నాన్నగారు ఇస్త్రీ చొక్కాలో కొయ్యలా కూర్చున్నారు. లోపల నా ఎదురుగా ఉన్నాయన, పాపం మంచాయనే, "కంగారు పడకండి, ఓ రెండాటలు ఆడుకుంటూ మాట్లాడుకుందాం" అని సొరుగులోంచి పేక తీసి నా చేతిలో పెట్టేరు. "కలపండి."

కలపడమా! నేనసలు పేకముక్కని ముట్టుకోవడం అదే మొదలండీ. కంప్యూటర్లో మీట నొక్కితే అదే కలుపుకునేది, నాకేం తెలుసు? నున్నగా, బతికున్న చేపలా ఉంది ఆ కట్ట. రెండు చేతులా పట్టుకుని ఒక్క నొక్కు నొక్కేనో లేదో, ముక్కలన్నీ ఫౌంటెన్లా ఎగిరి గదంతా పడ్డాయి. ఒక జాకీ వెళ్ళి ఆయన కాఫీలో పడింది. అయిపోయింది, నా బతుకు బీఈడీయే అనుకున్నాను. కళ్ళమ్మట నీళ్ళు జలజలా కారిపోయేయి.

ఇంతలో తలుపు తీసుకుని నాన్నగారు వచ్చేరు. పంట్లాం మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని, నేలమీద కూర్చుని, ఒక్కొక్క ముక్కా ఏరడం మొదలుపెట్టేరు. ఎదుటాయన ఆ ఇబ్బంది కప్పిపుచ్చుదామని, "పోనీ ఇది చెప్పండి. మీ దగ్గర పన్నెండుంది, డీలరుకి ఆరు కనబడుతోంది. ఏం చేస్తారు?" అన్నారు. నేను నోరు తెరిచేలోగా బల్ల కిందనుంచి వినపడింది: "ఆగిపోవాలండీ. మునిగే భయం డీలరుది, మనకెందుకు తొందర?"

నేను ఏడుపు మర్చిపోయేను. "ఎప్పుడూ అలా కాదు నాన్నగారూ! పదులూ రాజులూ అప్పటికే చాలా వెళ్ళిపోయుంటే డీలరు మునగడు, మనమూ మునగం. అప్పుడు ముక్క అడగాలి!"

"అది సంభావ్యత మారినప్పటి మాట."

"మారిందో లేదో చూసుకోవడమే కదండీ అసలు ఆట!"

ఇద్దరం నల్లబల్ల ముందున్నట్టు వాదించేసుకున్నాం. ఎదుటాయన రెండుసార్లు ఏదో చెప్పబోయి మానుకున్నారు. చివరికి నాన్నగారు ముక్కలు చేత్తో పట్టుకునే కాసేపు ఆలోచించి, "ఆయ్. నువ్వన్నదే నిజమమ్మా" అన్నారు. నా జన్మలో లెక్కల దగ్గర ఆయన నాతో అన్న మొదటి ఆయ్ అదే.

"ఇంతకీ ఉద్యోగం మీకా మాస్టారూ, అమ్మాయికా?" అన్నారు ఎదుటాయన నవ్వుతూ.

నాన్నగారు పేకని అంచులు సమంగా సర్ది బల్లమీద పెట్టేరు. జేబురుమాలుతో చేతులు తుడుచుకున్నారు. "అమ్మాయికేనండీ. చోటు నాకు నచ్చింది."

మెట్లు దిగుతూ "మీకెలా తెలుసండీ?" అని అడిగేను. "వెనక పేపరు చదివేవాణ్ణి కదా. నువ్వు లెక్క తప్పుతుంటే చదువు సాగేది కాదు" అన్నారు. రెండు మెట్లు దిగి, "మీ మామ్మతో అనకు" అన్నారు.

ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలకి ఆ ఆట నేనే నేర్పుతున్నాను. అద్దాల గదిలో ముక్కు చీదుకుంటూ నిలబడ్డ ఆ పిల్లని తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. మా సంఘ పెద్ద గారు నేలమీద బాసింపట్టు వేసుకుని, ఒక చేతిలో రాజుని, ఒక చేతిలో రాణిని పట్టుకుని కూర్చుంటే, ఏడుపులో పడి తిన్నగా చూడనైనా చూడలేదు, పిచ్చిమొహం!