మరుపు మేడమ్ గొడుగు

మరుపు మేడమ్ ఏ ఇంటికి వెళ్ళినా ఏదో ఒకటి మర్చిపోయి వస్తుంది. గొడుగు, కళ్ళజోడు, టిఫిను డబ్బా, చేతిరుమాలు, ఒకసారైతే ఎడమకాలి చెప్పు కూడా. "ఒంటి చెప్పుతో ఇంటిదాకా ఎలా నడిచారు మేడమ్?" అని అడిగితే, "దారి దగ్గరేలేమ్మా" అంది.

ఆడపిల్లలకు చదువూ పనీ నేర్పించే కేంద్రానికి ఆవిడ సమన్వయకర్త. ఏ పిల్ల క్లాసు మానేసినా ఇంటికెళ్ళి పెద్దవాళ్ళకు నచ్చజెప్పడం ఆవిడ పని. మర్చిపోయిన వస్తువు కోసం మర్నాడు మళ్ళీ అదే ఇంటికి పోవడం ఆవిడ రెండో పని. ఆ కేంద్రంలోనే కంప్యూటరు నేర్పే టీచరుకు ఇదంతా చూసి చూసి ప్రాణం విసిగిపోయింది. టీచరు పెన్ను మూత పోతేనే భోజనం సహించని మనిషి మరి.

మొన్న ఆదివారం మేడమ్ ఆ టీచరు ఇంటికే వచ్చింది. ఒకటో తారీఖు నుంచి కోడల్ని ఉద్యోగానికి పంపనని అత్తగారు భీష్మించుకుంది. టీచరు రాజీనామా కాగితం ఇచ్చి అప్పటికి రెండు రోజులు. మేడమ్ ఆ ఊసే ఎత్తలేదు. అత్తగారి మోకాళ్ళ నొప్పుల గురించి గంటన్నర విని, టీ తాగి, గొడుగు మర్చిపోయి వెళ్ళింది. "రేపు ఆఫీసుకు తెచ్చిస్తాను మేడమ్" అని టీచరు ఫోన్ చేస్తే, "వద్దొద్దు, అక్కడే ఉండనీ, నేనే వస్తాలే" అంది. బయట మాడు పగిలే ఎండ. ఏం మనిషో!

అయినా అవన్నీ నవ్వుకునే సంగతులు. ఈరోజు మధ్యాహ్నం మూడింటికి టీచరు విన్నది మాత్రం నవ్వులాట కాదు.

కేంద్రంలో చదివే వెల్డరు కూతురికి పైఊళ్ళో ఎలక్ట్రీషియన్ శిక్షణకు సీటు వచ్చింది. రెండేళ్ళ కోర్సు, హాస్టలు ఉచితం. పేట మొత్తానికి వచ్చింది ఆ ఒక్క సీటే. తండ్రి సంతకంతో అసలు ఫారం ఈరోజు ఐదింటిలోగా అక్కడి శిక్షణ కార్యాలయంలో ఇవ్వాలి. జిరాక్సు చెల్లదు. తండ్రేమో ఇంట్లో చిన్నపిల్లల్ని ఎవరు చూస్తారంటూ ససేమిరా అంటున్నాడు.

"ఫారం ఉన్న ఫైలేది మేడమ్?"

"అయ్యో, మర్చిపోయానమ్మా!"

"ఎక్కడ?"

"వెల్డరు ఇంట్లోనే. నిన్న స్టూలు మీద పెట్టినట్టు గుర్తు."

టీచరు కుర్చీలోంచి లేచింది. ఇంకోసారి తన గుమ్మం తొక్కితే మర్యాద దక్కదని ఆ వెల్డరు నిన్ననే వీధంతా వినబడేలా అరిచాడు.

"మర్చిపోడానికి ఆ ఇల్లే దొరికిందా మీకు? ఈపాటికి ముక్కలు ముక్కలుగా చింపేసుంటాడు!"

"చింపడులేమ్మా. పోయిన వారం నా టిఫిను డబ్బా అక్కడ మర్చిపోయానా, తిట్టుకుంటూనే దాని విరిగిన పిడి అతికించి ఇచ్చాడు. నేను అడగనైనా లేదు."

"డబ్బా వేరు, కన్నకూతురు వేరు మేడమ్!"

"ఆ, అదే నేనూ అనుకున్నాను" అంది మేడమ్ తాపీగా.

టీచరుకు ఒళ్ళు మండిపోయింది. మేడమ్‌ని స్కూటరు వెనక ఎక్కించుకుని బయల్దేరింది. సరిగ్గా అప్పుడే రైలు గేటు పడింది. గూడ్సు బండి నింపాదిగా పోతోంది. టీచరు గడియారం చూసుకుంది, పెట్టెలు లెక్కపెట్టింది, మళ్ళీ గడియారం చూసుకుంది. మూడూ ఇరవై.

గేటు పక్క కుట్టుమిషను దగ్గర్నుంచి దర్జీ ఆవిడ కేకేసింది. "ఏం మేడమ్, మా ఇంటికి రావడమే మానేశారు! ఏమీ మర్చిపోవట్లేదా ఏంటి?"

"మీ పిల్ల రోజూ క్లాసుకొస్తోందిగా, ఇంకేం మర్చిపోనూ!" అంది మేడమ్.

టీచరు గిరుక్కున వెనక్కి తిరిగింది. మేడమ్ అమాయకంగా రైలును చూస్తోంది.

వెల్డరు ఇంటి తలుపు మూసి ఉంది. టీచరు తట్టింది. ఇప్పుడు గనక అతను కాదంటే పిల్ల సీటు గల్లంతే. తలుపు తెరుచుకుంది. వెల్డరు ఫైలు పట్టుకుని నిలబడ్డాడు.

"ఫైలు మర్చిపోయారు."

"మర్చిపోయాను నాయనా."

"నాలుగుసార్లొచ్చి నాలుగు వస్తువులు! నేనేమన్నా పిచ్చోడిలా కనబడుతున్నానా?"

మేడమ్ అంతలా తెల్లబోవడం టీచరు ఎన్నడూ చూడలేదు.

"ఎవరి కాగితాలోనని పిల్ల చేత చదివించా" అన్నాడు అతను. "ఫారంలో ఈ పని మొదట నీకెవరు నేర్పారు అన్నచోట మా నాన్న అని రాసింది. నేనెప్పుడు నేర్పానే అంటే..."

"షాపులో పక్కన కూర్చోబెట్టుకుని, తీగ అలా కాదు, ఇలా పట్టుకోమని తిట్టేవాడివిగా నాన్నా!" లోపల్నుంచి కూతురు అంది.

"తిట్టడం కూడా నేర్పడమేనంట." అతను ఫైలు మేడమ్ చేతిలో పెట్టాడు. వెంటనే విరుచుకుపడ్డాడు. "సంతకం పొద్దున్నే పెట్టేశా. చిన్నోళ్ళని నాతో షాపులో కూర్చోబెట్టుకుంటా. మీరొస్తారని షాపు కట్టేసుకుని కూర్చుంటే, ఇదా రావడం? ఐదింటిలోగా ఇవ్వాలని అందులోనే ఉంది, చదువుకోలేదా? ఇంకా నిలబడతారేం, పోండి! ఇక్కడేం మర్చిపోలేదు కదా, చూసుకోండి!"

నాలుగూ యాభై రెండుకు శిక్షణ కార్యాలయంలో గుమాస్తా ఫారం అందుకుని ముద్ర వేశాడు. టీచరు బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"మేడమ్, నిజం చెప్పండి. అసలు మీకు మతిమరుపు ఉందా?"

"లేకేం! నీ రాజీనామా పైఆఫీసుకు పంపడం మర్చిపోయాను. ఎక్కడ పెట్టానో కూడా గుర్తు రావట్లేదు." మేడమ్ కొంగుతో ముఖం తుడుచుకుంది. "అన్నట్టు సాయంత్రం గొడుగు కోసం మీ ఇంటికొస్తాను. మీ అత్తగారి ఎడమ మోకాలి కథ సగంలో ఆగింది."

టీచరు మెట్ల మీంచి లేచింది.

"రండి మేడమ్. కానీ వెళ్ళేటప్పుడు కళ్ళజోడు కూడా వదిలేసి వెళ్ళండి. మా అత్తగారు ఒక్క గొడుగుకి లొంగే మనిషి కాదు."