పాలు పొంగించిన అతిథి

ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్న భావనపాడు బీచ్ ఇంటికి తెల్లవారుతుండగా చేరితే, గుమ్మానికి మామిడి తోరణాలున్నాయి. ఇల్లు అమ్ముడైపోయిందట, కొన్నవాళ్ళ గృహప్రవేశం ఆ పూటే. నేనూ మావారూ బ్యాగులతో వెనుదిరగబోయాం.

కొత్త ఇల్లాలు అడ్డొచ్చింది. "ఎల్లిపోతారేటి? మీరొస్తారని అమ్మినోలు సెప్పినారు. ఇంటితోపాటు మీరూ మాకొచ్చినట్టే."

స్నానం చేసి వచ్చేసరికి పొయ్యి మీద పాలగిన్నె ఉంది. పాలు ఇంటి ఆడపడుచే పొంగించాలి. ఆ ఇంటాయనకు అక్కచెల్లెళ్ళు లేరు.

"నువ్వు పొంగించమ్మా," అంటూ ఆవిడ నన్ను పొయ్యి ముందు నిలబెట్టింది. నా చేతులమీదుగానే పాలు పొంగాయి.

రెండ్రోజుల తర్వాత బయల్దేరుతుంటే బొట్టు పెట్టి, చీర చేతికిచ్చింది. మళ్ళీ తప్పకుండా బుక్ చేసుకుని వస్తామన్నాను.

ఆవిడకు కోపం వచ్చింది. "ఆడపడుసు బుక్ సేసుకుని వస్తాదేటి?"