కాళ్లకు నీళ్లు

నా చిన్నప్పుడు, తొంభైల చివర్లో, చిత్తూరులోని ఒక కాథలిక్ బాలికల హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదివాను. తేదీ కూడా రాయాలని ఉంది గాని, కచ్చితంగా తెలియనిది రాయడం నాకు అలవాటు లేదు. బడి వార్షికోత్సవానికి ముందు వారమని మాత్రం చెప్పగలను.

ఆ ఏడు మా బడి చరిత్రను నాటకంగా వేయదలచారు. బడికంటే ముందు అక్కడ ఉన్నది ఒక చిన్న మందుల గది. దానిని నడిపిన తొలి సిస్టరు, పుండ్లతో వచ్చినవారి కాళ్లు తానే కడిగి కట్టు కట్టేవారట. ఆ వేషం నాకు ఇచ్చారు. రోగి వేషం నా బెంచీలో కూర్చునే పిల్లది. ఆమె తల్లి మా బడి ఊడ్చే ఆయమ్మ.

సంబరంగా ఇంట్లో చెప్పాను. పెరుమాళ్ల కోవెలలో జీవితమంతా కైంకర్యం చేసిన మా తాతయ్య ముఖం మారిపోయింది.

"చదువుకోమని పంపితే కాళ్లు కడిగేది నేర్పిస్తా ఉండారా? అదీ ఆ పిల్ల కాళ్లు! నేనే పోయి టీసీ తెస్తా."

మరునాడు నన్ను బడికి పంపలేదు. ఇక ఎన్నడూ పంపరేమోనని అన్నం ముట్టక ఏడ్చాను.

సాయంత్రం హెడ్మిస్ట్రెస్ సిస్టరు మమ్మల్ని వెదుక్కుంటూ నడిచి వచ్చారు. మా వీధిలో మురుగుకాలువ కోసం తవ్విన మట్టి వానకు బురదై, ఆమె కాళ్లకు చీలమండల దాకా ఎర్రమట్టి అంటుకుంది. చెప్పులు విడిచి మెట్టు కిందనే ఆగిపోయారు.

ఇంటికి ఎవరు వచ్చినా ముందు కాళ్లకు నీళ్లివ్వడం మా తాతయ్య ఎన్నడూ తప్పని నియమం. కోపంలో ఉండి కూడా ఆయన చెంబు అందుకున్నారు. సిస్టరు నడుము నొప్పితో వంగలేకపోవడం చూసి, తానే వంగి పోయసాగారు.

"ఆ పక్కకు తిప్పమ్మా. మడమ కాడ ఇంకా మట్టి ఉండాది."

"చాలయ్యా," అన్నారు సిస్టరు మెల్లగా. "మీ పాప వేషంలో చేసేదీ ఇంతే."

తాతయ్య చెంబులో మిగిలిన నీళ్లు కూడా ఆమె మడమ మీద పోశారు. తర్వాత, "లోపలికి రాండమ్మా, మజ్జిగ తాగుదురు," అన్నారు. టీసీ మాట ఎవరూ ఎత్తలేదు.

రెండు రోజుల తర్వాత నా బెంచీ పిల్ల సంభాషణలు వల్లించడానికి మా ఇంటికి వచ్చి, భయంతో వీధిలోనే నిలబడింది.

"ఆడనే నిలబడితే ఎట్లా పాపా? ఇట్లా రా," అంటూ తాతయ్య బయటికి వచ్చారు. ఆయన చేతిలో చెంబు ఉంది. ఆమె వద్దు వద్దంటున్నా వినకుండా వంగి నీళ్లు పోశారు.

ఇప్పుడు ఎవరైనా ఆ బడి గురించి అడిగితే, ఏ గది ఏ సంవత్సరంలో కట్టారో బడి రికార్డు చూసి చెబుతాను. దాని ఆశయమేమిటని అడిగితే మాత్రం ఏదీ చూడవలసిన పని లేదు. గుమ్మం ముందు అలికిడైతే, వచ్చినవారెవరో తెలియకముందే నా చెయ్యి నీళ్ల చెంబు కోసం వెదుకుతుంది.