ఏసీ హాల్లో ఊపిరి పాఠం

మా కాలేజీలో లెక్చరర్లకు గుండెదడ వస్తే ఆ తప్పు లెక్చరర్లదేనట. ఇది మా కరస్పాండెంటు కనిపెట్టిన సంగతి. వేసవి ఎండలో ఊరూరా తిరగాలి, పదో తరగతి రాసిన పిల్లల తల్లిదండ్రుల కాళ్లావేళ్లా పడాలి, అడ్మిషన్లు తేవాలి. తేలేకపోతే కాలేజీ తెరిచేనాటికి ఉద్యోగం ఉండదు. ఈమాత్రానికే ఆందోళన పడుతున్నామంటే మా మనసుల్లోనే ఏదో లోపం ఉందని ఆయన తేల్చేశాడు. ఆ లోపం సరిచేయమని తన బామ్మర్ది చక్రధర్‌ను పిలిపించాడు.

చక్రధర్ మొన్నమొన్నటిదాకా నంద్యాలలో ఇన్వర్టర్లు అమ్మేవాడు. బెంగళూరు వెళ్లి ఏదో శిక్షణ అయిందనిపించుకుని, తెల్ల జుబ్బా కుట్టించుకుని, మైండ్‌ఫుల్‌నెస్ గురువై తిరిగొచ్చాడు. మొదటిరోజు సరిగ్గా భోజనాల వేళకు మమ్మల్ని కూర్చోబెట్టి, తలా ఒక ఎండుద్రాక్ష చేతిలో పెట్టాడు. దాన్ని చూడాలట, వాసన చూడాలట, చెవి దగ్గర పెట్టుకుని వినాలట, ఆ తర్వాత నిదానంగా నమలాలట. పొద్దున్నించి పల్లెలు తిరిగొచ్చినవాళ్లం, ఆకలికి కడుపు కాలుతుంటే ఎండుద్రాక్షను ఆలకిస్తూ కూర్చున్నాం. మా చవటతనం అలాంటిది.

దీన్నంతా మనసుపెట్టి నేర్చుకున్నది బోటనీ చెప్పే లూదియా ఒక్కతే. ఆమెది శిరివెళ్ల పక్కన పల్లె. తండ్రి జాషువా ట్రాక్టరు తోలి చదివించాడు. లూదియా పిల్లల చేతికి నిజం ఆకు ఇచ్చి పాఠం చెప్పే మనిషి. అలాంటిది, రెండేళ్లుగా ఫోన్ మోగితే చాలు ఉలిక్కిపడేది. కరస్పాండెంటు పేరు కనబడితే గుండె పట్టేసి, వేళ్లు తిమ్మిరెక్కేవి. ఒకసారి ఊపిరాడక దారిమధ్యలో బస్సు ఆపించి దిగిపోయింది. డాక్టరు పరీక్షలన్నీ చేసి, గుండె భేషుగ్గా ఉంది, టెన్షన్ తగ్గించుకోమ్మా అని పంపించాడు.

"అన్నా, ఆయప్ప చెప్పినట్ల ఊపిరి పీలుస్తాంటే కొంచెం నయంగానే ఉంటాంది" అంది నాతో. నాకు ఒళ్లు మండింది. గొంతు మీద కాలేసి తొక్కేవాడే ఊపిరెలా పీల్చాలో నేర్పిస్తుంటే, దానికి కృతజ్ఞత ఒకటా!

అంతలో రమ్య గొడవ వచ్చింది. రమ్య ఆళ్లగడ్డ దగ్గరి పిల్ల. అడ్మిషన్ కోసం లూదియా ఆ పిల్ల ఇంటికి వెళితే, తల్లి మరియమ్మ "మన చర్చి సంఘం పిల్లవు గదా, నీ కాడుంటే మా కాడున్నట్లే" అంటూ కూతురి ఒరిజినల్ టీసీ తీసి ఇచ్చేసింది. ఒరిజినల్ ఇస్తే సీటు గట్టిదని మా పల్లెల్లో నమ్మకం. ఆ నమ్మకాన్ని పెంచి పోషించింది మేమే. టీసీ ఒక్కసారి మా ఆఫీసు బీరువాలోకి వెళ్లిందంటే పిల్ల ఇంక ఎక్కడికీ కదల్లేదు. అడిగితే రెండేళ్ల ఫీజూ కట్టి తీసుకుపొమ్మంటారు.

రమ్య మాత్రం ఆళ్లగడ్డ ప్రభుత్వ కాలేజీలో చేరతానని పట్టుబట్టింది. అక్కడ చేరడానికి గడువు మర్నాటితో సరి. "మేడమ్, నా టీసీ ఇప్పీండి మేడమ్" అని ఫోన్లో ఏడ్చిందట. లూదియా వెళ్లి కరస్పాండెంటును బతిమాలింది. "ఏందమ్మా నువ్వు, తెచ్చిన పిల్లను నువ్వే పంపిస్తాండావా? పో, చక్రధర్ క్లాసులో కూచో. అన్నీ సర్దుకుంటాయి" అన్నాడాయన.

ఏసీ ఉన్నది ఆఫీసు హాల్లోనే కాబట్టి క్లాసు అక్కడే. ఆరోజు కరస్పాండెంటూ వచ్చి ముందువరసలో కూర్చున్నాడు. గుమాస్తా సుబ్బయ్యనూ కూర్చోబెట్టారు. బీరువా తాళాలు సుబ్బయ్య పక్కన బల్ల మీద ఉన్నాయి. ఫోన్లన్నీ బుట్టలో వేయించి, చక్రధర్ తన ఫోన్ మాత్రం స్టాండుకు తగిలించి వీడియో పెట్టాడు, కాలేజీ ప్రచారానికట. స్పీకర్లో జలపాతం హోరు మొదలైంది.

"గంట కొట్టేదాకా ఎవ్వరూ కళ్లు తెరవొద్దు. మీ ముందు ఏముందో దాన్నే గమనించండి" అని చెప్పి చక్రధర్ కళ్లు మూసుకున్నాడు. కాసేపటికే అతని గురక నాకు వినబడింది.

నేను మామూలుగానే దొంగచూపులు చూస్తున్నాను. లూదియా కళ్లు తెరిచింది. ముందేముందో చూసింది. తాళాలున్నాయి. నిండా ఊపిరి పీల్చి వదిలి, లేచి తాళాలు తీసుకుంది. బీరువా తలుపు కిర్రుమంది. జలపాతం దాన్ని మింగేసింది. ఒకే ఒక్క కాగితం వెతికి తీసుకుని, తాళాలు మళ్లీ అక్కడే పెట్టి, కళ్లు మూసుకున్న పెద్దమనుషుల మధ్యనుంచి నడిచి బయటికి వెళ్లిపోయింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టలేదు, కళ్లు మూసుకున్నాను.

ఆ వీడియోను చూసుకునే ఓపిక కూడా లేక, మా ఘనులు దాన్ని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులన్నింటికీ పంపారు. మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర జనం. "మా పిల్లోని టీసీ గూడా బేగా ఇయ్యండప్పా" అని ఒకటే గోల. కొందరికి ఇవ్వక తప్పలేదు. లూదియాను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆమె సాధన సరిగా చేయలేదని చక్రధర్ మాకు వివరించాడు.

మొన్న శిరివెళ్ల బస్టాపులో కనిపించింది. ఊళ్లో ట్యూషన్లు చెబుతోందట.

"ఆ పొద్దు భయం కాలేదామ్మా?" అని అడిగాను.

"కాకేం అన్నా, అయింది. అయినా ఊపిరి మాత్రం ఆడింది" అంది.

ఆమె ఫోన్ మోగింది. ఆళ్లగడ్డ కాలేజీ నుంచి రమ్య. లూదియా ఉలిక్కిపడలేదు, నవ్వుతూ మాట్లాడుతోంది. ఇంతలో నా జేబులో ఫోన్ మోగింది. తీసి చూస్తే కరస్పాండెంటు పేరు. నాకు గుండె పట్టేసింది.