ఠాణా ముందు బల్ల

మొన్న మా మనుమరాలు నన్ను సూర్యాపేటలో పోలీసువారు పెట్టిన కంటి పరీక్షల శిబిరానికి తీసుకుపోయింది. ఈ మధ్య వాళ్ళు ఇలాంటివి చాలా చేస్తున్నారట, బడిపిల్లలకు ఆటలపోటీలనీ, రక్తదానాలనీ, ముసలివాళ్ళకు కళ్ళజోళ్ళనీ. ఠాణా ఆవరణలో షామియానా వేసి, వరుసగా ప్లాస్టిక్ కుర్చీలు వేసి, వచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళ సీసాలు కూడా ఇస్తున్నారు. ఖాకీ బట్టల్లో ఉన్న ఆడపిల్ల ఒకతె, మా మనుమరాలి ఈడుదే, నా చెయ్యి పట్టుకుని "కూసో అమ్మమ్మా, జర సేపట్ల డాక్టర్ సాబ్ వస్తడు" అంది. నేను కూర్చోలేదు. మోకాళ్ళు పీకేస్తున్నా షామియానా గుంజ పట్టుకుని నిలబడ్డాను. నలుగురిలో ఈ మొండితనమేమిటని మా మనుమరాలికి కోపం వచ్చింది. మొండితనం నాకు లేదని అనను గానీ, ఆ రోజు నన్ను నిలబెట్టింది అది కాదు.

నైజాం సర్కారు పోయి యూనియన్ సైన్యం వచ్చిన మరుసటి ఏడు సంగతి ఇది. నేను నేరేడుచర్ల దగ్గరి మా అత్తవారి ఊరికి కాపురానికి వచ్చి ఎంతో కాలం కాలేదు. ఆ రోజులు ఎలాంటివో నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు. గుట్టల్లో, చేలల్లో దొరల మీద తిరగబడ్డ సంగపోళ్ళు, బాటల మీద ఖాకీ జీపులు, మధ్యలో మనం. ఆకలితో వచ్చినవాడికి ఇంత జొన్న గటక పెడితే జీపులోళ్ళు తన్నేవాళ్ళు, జీపులోళ్ళు అడిగినదానికి నోరు విప్పితే గుట్టలోళ్ళు నిలదీసేవాళ్ళు. ఊళ్ళో మాట్లాడుకోవడమే తగ్గిపోయింది. బావి దగ్గర ఆడవాళ్ళం కూడా వానల గురించి, పశువుల గురించి తప్ప ఇంకేమీ ఎత్తేవాళ్ళం కాదు, వానలంటే ఎవరికీ కోపం రాదు గనక.

మా ఆయన కిరాయి బండి తోలేవాడు. మిర్యాలగూడ మిల్లులకు వడ్లు చేరవేయడం ఆయన పని. నాతో కంటే ఎడ్లతోనే ఎక్కువ మాట్లాడేవాడు, కొత్తలో నాకు ఆ ఎడ్లంటే కాస్త కడుపుమంట కూడా ఉండేది. దారిలో ఎవరు నడుస్తూ కనబడినా ఎక్కించుకునేవాడు. వట్టి బండి పోతూ ఉండగా మనిషి నడుస్తుంటే ఆయన చూడలేకపోయేవాడు. ఒకరోజు పొద్దు వాలకముందే ఎడ్లు వట్టి బండిని లాక్కుంటూ వాటంతటవే ఇంటికి వచ్చాయి. మా అత్త వాటిని విప్పి, నీళ్ళు పెట్టి, కొయ్యకు కట్టేసి, ఆ తర్వాత గడపలో కూలబడింది. అన్నీ చేసి కూలబడడం ఆమె పద్ధతి.

మిల్లులో వడ్లు దింపి తిరిగొస్తుంటే ఇద్దరు మనుషులు చెయ్యెత్తారట, ఈయన ఎక్కించుకున్నాడట, ఎదురుగా జీపు కనబడగానే వాళ్ళు దూకి చేలలో పడి పోయారట. ఎడ్లను వదిలి పరుగెత్తడం ఈయనకు చేతకాలేదు. పట్టుకుని సూర్యాపేటకు తీసుకుపోయారని తెలిసి, మా బండి తోలేవాళ్ళు లేక, నేనూ మా అత్తా పాలివాళ్ళ బండి అడిగి బయలుదేరాం. సూర్యాపేటలో మా అక్కా బావా ఉండేవాళ్ళు. వాళ్ళ గాజుల దుకాణం సరిగ్గా ఠాణాకు ఎదురుగానే. దానికి అప్పుడు ఎంత సంతోషించామో! కానీ పొద్దస్తమానం ఆ ఠాణా కళ్ళెదుటే ఉండడం నాకు నరకమయింది.

ఆ ఠాణాకు కొత్తగా వచ్చిన అమీను, అంటే ఇప్పటి ఎస్సై, కోస్తా వైపు మనిషి. అంతకుముందు అమీన్ సాబులంటే ఉర్దూలో గదమాయించేవాళ్ళు, మనవాళ్ళు చెప్పులు విడిచి, భుజం మీది తువ్వాలు నడుముకు చుట్టుకుని, దూరంగా నేల మీద గొంతుక్కూర్చునేవాళ్ళు. ఈయన శుభ్రంగా తెలుగు మాట్లాడేవాడు, అడుక్కునే ముసలమ్మను కూడా మీరు అనేవాడు. నిజం చెప్పాలంటే చాలా మంచివాడు. ఆ మాట చెప్పకుండా నా కథ చెబితే పాపం. ఆ ఏడంతా ఆయన ఊరికి చేయని సేవ లేదు. ఠాణా ముందు చెప్పులు విడవనక్కరలేదని దండోరా వేయించాడు. అంగడి దగ్గరి పాడుపడిన బావిని జవాన్ల చేత పూడిక తీయించాడు. వరండాలో చల్లటి నీళ్ళ కుండలు పెట్టించాడు. చలిజ్వరాల కాలంలో కంపౌండరును వెంటబెట్టుకుని వాడవాడలా తిరిగి మాత్రలు మింగించాడు. జనం బావి నీళ్ళు తోడుకున్నారు, మాత్రలు మింగారు. కుండల దగ్గరికి మాత్రం పోలేదు. బావి అందరిదీ, మాత్రలు అందరికీ. కుండల నీళ్ళు తాగాలంటే ఠాణా మెట్లెక్కాలి.

ఆయన చేసిన మంచి పనులన్నిటిలోకీ ఆయనకు ప్రాణమైనది బల్ల. ఠాణా ముందు, వేపచెట్టు నీడన, పొడుగాటి టేకు బల్ల ఒకటి చేయించి వేయించాడు. గోడు చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళెవరైనా దాని మీద కూర్చున్నాకే తాను వింటానని నియమం పెట్టుకున్నాడు. మనిషిని నిలబెట్టి మాట్లాడే రోజులు పోయాయని ఆయన ఉద్దేశం. ఎంత గొప్ప ఉద్దేశం! బల్ల వేసిన కొత్తలో పక్క ఊరి రైతొకాయన తన ఎద్దు తప్పిపోయిందని చెప్పుకోవడానికి వచ్చి దాని మీద కూర్చున్నాడట. ఆ వారంలోనే వాళ్ళ ఊళ్ళో ఇద్దరు సంగపోళ్ళు పట్టుబడ్డారు. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని ఇప్పుడు ఎవరైనా చెబుతారు. అప్పుడెవరూ ఆగి ఆలోచించలేదు. ఆ రైతు ఒక పొద్దున చేనికని పోయి తిరిగి రాలేదు. ఎద్దు మాత్రం దొరికిందట.

అప్పటినుంచి బజారు దానికి సెప్పేటోళ్ళ బల్ల అని, అంటే గుట్టలోళ్ళ జాడ చెప్పేవాళ్ళ బల్ల అని, పేరు పెట్టింది. ఆ పేరు ఊళ్ళో అందరికీ తెలుసు, అమీనుకు తప్ప. ఆయనకు చెప్పాలంటే ఎవరో ఒకరు పోయి ఆ బల్ల మీద కూర్చోవాలి కదా. జనానికి పాత భయం పోలేదనుకుని ఆయన మరింత మెత్తగా, మరింత పట్టుదలగా కూర్చోమనేవాడు. ఆ బల్ల మామూలుగా మేకలు పడుకోవడానికే పనికొచ్చేది.

మొదటిరోజు నేను పోయి నిలబడితే ఆయనే బయటికి వచ్చాడు. "కూర్చోండమ్మా. కూర్చుని నెమ్మదిగా చెప్పండి, నేను వింటాను" అన్నాడు. నేను "వద్దు సారూ, గీడనే నిలవడి సెప్త" అన్నాను. ఆయన నవ్వి, భయం లేదు, కూర్చోండి అన్నాడు. వెనక బజారంతా నా వీపు మీదే ఉంది. అంగడికి వచ్చిన మా ఊరివాళ్ళు కూడా అందులో ఉన్నారు. కూర్చుంటే మా ఆయన బయటికి వస్తాడు. ఇంటివాళ్ళు ఎదుట చెప్పుకుంటే విచారించి అమాయకులను వదిలేస్తున్నాడని పేరే ఉంది. కానీ పెళ్ళాం బల్ల మీద కూర్చుంటే బయటపడ్డ మనిషిని ఊరు ఏమనుకుంటుంది, గుట్ట ఏమనుకుంటుంది? ఎవరి పేర్లో చెప్పి వచ్చాడనుకోదా? నేను కూర్చోకపోతే లోపల పోతాడు, కూర్చుంటే బయట పోతాడు. ఆ మాట ఆయనకు చెప్పలేక, నిలబడే ఏడ్చి, తిరిగొచ్చాను.

రోజూ పోయేదాన్ని, నిలబడేదాన్ని. రోజూ ఆయన కూర్చోమనేవాడు, ఎంత దయగానో. కసురుకున్నా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది. ఇంతలో ఠాణా ఊడ్చే ఆమె మా అక్కకు చెప్పింది, బండాయనకు జరం వచ్చింది, గంజి కూడా ముట్టడం లేదు, కలవరింతల్లో ఎడ్లను అదిలిస్తున్నాడని. ఆ మాట విన్నాక మా అత్త లేచి కొంగు నడుముకు బిగించింది. తర్వాత అంది, "వానికి పానముంటె గద, ఎవడన్న తీస్తడో లేదో సూసేది. నడువు, నీతోని నేనుగూడ కూసుంట."

ఆ మరునాడు అంగడి రోజు. ఎన్నడూ లేనంత జనం. మా అత్త ముందు నడిచి, బల్ల మీది మేకను అదిలించి, ఒక చివర కూర్చుని, నా చెయ్యి పట్టి గుంజింది. కూర్చున్నాను. బజారు చప్పుడు ఆగిపోయిందనిపించింది, నిజంగా ఆగిందో నాకే అనిపించిందో తెలియదు. అమీను ఎవరితోనో మాట్లాడుతున్నాడు, ఇంకా బయటికి రాలేదు. ఆ కాసేపట్లో నేను మా ఆయనను నా చేతులారా చంపుకున్నాననే అనుకున్నాను.

అప్పుడు చల్లలమ్మే ముసలామె ఒకతె వచ్చి, నెత్తి మీది కుండ దించి బల్ల మీద పెట్టి, "అబ్బ, ఏం ఎండ! జర జరుగుండ్రి" అంటూ నా పక్కన కూర్చుంది. ఆమె ఎవరో నాకు తెలియదు. వెనకే కట్టెలమోపు దించి ఇంకొకామె. తర్వాత పసిబిడ్డతో ఒక సాయిబుల ఆడమనిషి. చేపలబుట్టతో మరొకామె వచ్చి, చోటు లేక, బల్ల కాలికి ఆనుకుని నేల మీదే చతికిలబడింది. బల్ల నిండిపోయి, చుట్టూ ఆడవాళ్ళు మూగి, ఒకళ్ళ బిడ్డను ఇంకొకళ్ళు ఎత్తుకుని, చేపల ధర మీద గట్టిగా కొట్లాట కూడా మొదలుపెట్టారు. ఎవరు దేనికి వచ్చారో, ఎవరు చెప్పుకునేవాళ్ళో, ఎవరు నీడకు కూర్చున్నవాళ్ళో ఆ దేవుడు కూడా తేల్చలేడు.

మా అక్క చేసిన పని అది. అంగడి రోజు పొద్దుటినుంచీ గాజులకు వచ్చిన ప్రతి ఆడమనిషి చెయ్యీ తన చేతిలోకి తీసుకుని, మెల్లగా గాజు ఎక్కిస్తూ, నా సంగతి చెవిలో వేసింది. గాజు సగం ఎక్కాక ఎవరూ చెయ్యి లాక్కుని పోలేరు కదా, వినాల్సిందే. విన్నవాళ్ళందరూ రాలేదు. అది తప్పని నేను ఏనాడూ అనుకోలేదు. వచ్చినవాళ్ళు మాత్రం, ఆ రైతు సంగతి తెలిసే వచ్చారు. ముఖం తెలియని నాకోసం వచ్చారు.

అమీను బయటికి వచ్చి, ఆ గుంపును చూసి, అలాగే నిలబడిపోయాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. "ఇన్నాళ్ళకు వచ్చారమ్మా, ఇది మీ ఠాణా అని ఇన్నాళ్ళకు నమ్మారు" అన్నాడు. జమేదారును పంపి పుట్నాలూ బెల్లమూ తెప్పించి అందరికీ తన చేత్తో పంచాడు. ఒక ఏడు పడ్డ కష్టం ఆ పూట ఫలించిందనుకున్నాడు పాపం. ఆయన వల్ల వచ్చే ముప్పును కాచుకోవడానికి వాళ్ళంతా వచ్చారని ఎవరు చెబుతారు? ఆ బెల్లం నా నోట్లో కరిగిందీ లేనిదీ నాకు గుర్తులేదు. నేను చెప్పుకున్నదంతా విన్నాడు, విచారించాడు, రెండు రోజుల్లో మా ఆయనను వదిలేశాడు. కొన్నాళ్ళకు ఆయనకు బదిలీ అయింది. పోయేటప్పుడు ఆ బల్లను తడిమి చూసుకున్నాడని మా బావ చెప్పాడు. తరువాత వచ్చినాయన దాన్ని లోపల వేయించి తుపాకులు పెట్టుకున్నాడట.

ఊరికి వచ్చిన కొద్దిరోజులకే గుట్ట నుంచి ఇద్దరు మనుషులు కళ్ళం దగ్గరికి వచ్చి మా ఆయనను నిలబెట్టారు. "మీ ఆడోళ్ళు ఠాణ ముందట కూసున్నరంట గద?" అన్నారు. మా ఆయన వడ్లు తూర్పారబట్టడం ఆపకుండానే, "సూర్యాపేట ఆడోళ్ళంత కూసున్నరు. పోయి అందర్నీ అడుగుండ్రి" అన్నాడు. వాళ్ళు కాసేపు నిలబడి, వెళ్ళిపోయారు. ఆయన ప్రాణం నిలిచిందంటే ఆ ఒక్క మాట మీద నిలిచింది. అయినా ఊళ్ళో మా బండి కిరాయికి పిలిచేవాళ్ళు తగ్గారు, మేము కోదాడ చేరాం. అక్కడ మా పిల్లలు వస్తది, పోతది అనడం మాని వస్తుంది, పోతుంది అనడం నేర్చుకుని నన్ను ఆటపట్టించేవాళ్ళు.

కోదాడలోనూ మా ఆయన బండే తోలాడు. కానీ మళ్ళీ ఎన్నడూ దారిన పోయేవాళ్ళను ఎక్కించుకోలేదు. ఎండలో బిడ్డను చంకనేసుకుని నడిచే తల్లి చెయ్యెత్తినా, తల అటు తిప్పుకుని ఎడ్లను అదిలించేవాడు. తర్వాత ఆ పూటంతా అన్నం సయించేది కాదు. పట్టుకున్ననాడు జీపులోళ్ళ చేతిలో ఆయనకు తగిలిన దెబ్బలు మానాయి గానీ ఇది మానలేదు. దీన్ని తలుచుకుంటే నాకు ఇటువాళ్ళ మీదా అటువాళ్ళ మీదా ఒక్కలాగే కోపం వస్తుంది.

ఇదంతా షామియానా గుంజ పట్టుకుని తలుచుకుంటూ చుట్టూ చూశాను. ఇప్పుడు ఠాణా ముందు కూర్చుంటే ఎవరూ ఏమీ అనుకోరు, అది ఎంతో మంచి మార్పు, కాదనను. కుర్చీలు కూడా ఎవరివి వాళ్ళకే. ఎవరూ ఎవరినీ జరగమని అడగనక్కరలేదు, పక్కన ఎవరున్నారో చూడనక్కరలేదు. చూసేవాళ్ళు కూడా లేరు, అందరూ ఫోన్లలోనే ఉన్నారు. రేపు మా మనుమరాలికి ఏదైనా కష్టం వచ్చి ఇక్కడ ఒంటరిగా కూర్చోవలసి వస్తే, చల్లకుండ దించి పక్కన కూర్చునే మనిషి ఎవరని నాకు దిగులు పుట్టింది. దాని కోపం చల్లారాక, చివరికి నేనూ కూర్చున్నాను. అటు పక్క కుర్చీలో నా ఈడుదే ఎవరో ముసలామె ఒక్కతే, కొంగు కొసను వేళ్ళకు చుట్టుకుంటూ ఠాణా వైపే చూస్తోంది. నేను మా మనుమరాలితో అన్నాను, "నా కుర్చి జర ఆమె దిక్కు జరుపు బిడ్డా."