గట్టిమేళం ఆగిన పెళ్లి

చింతపండు గుజ్జుతో ఇత్తడి తోముతున్నప్పటి పుల్లటి వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, అరవై దాటిన నేను గజపతినగరం పక్కన మా ఊరి కల్లంలోకి వెళ్లిపోతాను. నూర్పులైపోయి, కల్లం ఖాళీ అయ్యి, జీడిమామిడి పళ్ల వగరు వాసన వీధంతా కమ్ముకునే ఎండాకాలంలో మా నాన్న నాగలి వదిలి, తళతళా తోమిన బాకా పట్టేవాడు. ఒకరు క్లారినెట్, ఒకరు హార్మోనియం, ఊరి చివరి పేట నుంచి పైడయ్య డప్పు. పొద్దున్నే చోడి అంబలి తాగి కూర్చుంటే ఎండ ముదిరేదాకా సాధనే. మేళం అంటే నాన్న ఊరుకునేవాడు కాదు, ఆర్కెస్ట్రా అనాల్సిందే. అంత టెక్కు ఆయనకి!

కల్లంలో అందరిదీ ఒకే చాప. పెళ్లిళ్లలో మాత్రం, ఊరేగింపుకి ముందు నడిచిన డప్పు పందిరి రాట అవతలే, ఎండలో ఆగిపోవాలి.

శృంగవరపుకోటలో మా మేనమామ కూతురి పెళ్లికి మా ఆర్కెస్ట్రాయే వెళ్లింది. రాట దగ్గర మామయ్య పైడయ్యని ఆపేశాడు. నాన్నా ఆగిపోయాడు.

“పైడయ్య బయటుంటే మేమూ బయటే ఉంతాం బావా.”

“ఏటి బావా, నా పరువు తీసెత్తావేటి?” మామయ్య పళ్లు నూరాడు.

అందరూ వాయిద్యాలు ఒళ్లో పెట్టుకుని ఎండలోనే కూర్చున్నారు. ఇక పుట్టింటి గడప తొక్కే రాత లేదని అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ముహూర్తం ముంచుకొచ్చింది. పురోహితుడు “గట్టిమేళం, గట్టిమేళం” అని చెయ్యి ఊపినా ఒక్క వాయిద్యం పలకలేదు. తాళి పట్టుకున్న పెళ్లికొడుకు బిక్కమొహం వేశాడు. మేళం మోగకుండా తాళి కట్టడం మా వైపు ఎవరూ ఎరగరు.

అప్పుడు లేచింది మా అమ్మమ్మ.

“ఒరే, నా మనవరాలి పెళ్లిరా! అందరూ లోనికొచ్చీయండి. పైడయ్యా, ముందు నువ్వు రా. ఎవుడాపుతాడో సూస్తాను!”

పైడయ్య డప్పు వెనకే నాన్న బాకా లేచింది, పందిరి అదిరిపోయింది, పెళ్లికూతురి మెడలో తాళి పడింది. అమ్మ ఏడుస్తూనే నవ్వింది. మామయ్య చాన్నాళ్లు మా ఇంటి మొహం చూడలేదు గానీ, ఆ తర్వాత మా ఆర్కెస్ట్రాని పిలిచినవాళ్లంతా పైడయ్యతో సహా అందరికీ పందిట్లోనే బల్లలు వేయించేవారు.

ఇప్పుడా కల్లంలో ఇళ్లు లేచాయి, పెళ్లిళ్లకి డీజే పెట్టెలొచ్చాయి, క్లారినెట్ ఊదేవాడు కొత్తవలస దాకా వెతికినా దొరకడు. రాట అవతల పైడయ్యని నిలబెట్టిన ఆ చోటూ పోయింది. అది మాత్రం మా నాన్న పోగొట్టిందేనని, ఎవరడిగినా అడక్కపోయినా చెప్పుకుంటాను.