నీలిరంగు కింద ఘటసర్పం

మద్రాసులో ఒక వాయిద్యాల అంగట్లో నేను కొంతకాలం పనిచేశాను. పనిచేశానంటే బిల్లులు రాశాను, బిల్లులు లేనప్పుడు డ్రమ్ముల మీద దుమ్ము దులిపాను. వాయించడం రాదు. ఇప్పటికీ రాదు. కానీ కోట అనే ఊరి చుట్టుపక్కల మా ఊళ్ళలో ఒక నమ్మకం ఉండేది. మద్రాసులో ఏ వస్తువు పక్కన నిలబడినవాడు ఆ వస్తువులో పండితుడు. అక్కడి ఆస్పత్రి గేటు దగ్గర కాపలా ఉండే మా ఊరాయన సెలవుకు వస్తే జనం నాలుక చాపి ఆయన ముందు నిలబడేవాళ్ళు. ఆయన చూసేవాడు కూడా. అలాంటి చోట డ్రమ్ముల విషయంలో నా మాటకు తిరుగేముంటుంది?

అరవైల మొదట్లో ఒక ఏడు, వానలకు ముందు సెలవు దొరికింది. నేను వచ్చే సంగతి నాకంటే ముందే ఊరు చేరినట్టుంది. మా చర్చి పెద్ద నాకోసం కబురు పెట్టి ఉన్నాడు. సముద్రపు ఒడ్డున పడవలు బాగుచేసే మనిషి ఆయన. చర్చికి ఉన్నది తాటాకు కప్పు. వానలు పట్టుకుంటే బయట ఆగినా లోపల ఆగేది కాదు. ఆయనకు మంగళూరు పెంకులు వేయించాలని పట్టుదల. చర్చిలో అమ్మదగ్గ వస్తువంటూ ఉంటే అది మిషను నడిపిన తెల్ల దొరగారు తన దేశం వెళ్తూ వెళ్తూ వదిలేసిన పాత డ్రమ్ము సెట్టు. అది ఎవరిదో, ఎప్పటిదో, ఎంత చేస్తుందో చెప్పడానికి పండితుడు కావాలి. పండితుడు బస్సు దిగాడు.

దిగినచోటే మా మేనమామ నిలబడి ఉన్నాడు. ఆయన కోట బజారులో టైలరు. దొరగారు ఆ సెట్టు తెచ్చిన కొత్తలో, పెద్ద డ్రమ్మును కాలితో తొక్కి మోగించాలంటే ఎవరికీ కాలు ఆడలేదట. మిషను తొక్కే కాలు మామ ఒక్కడిదే. అలా మిషను దొరగారికీ కుట్టు మిషనుకూ చుట్టరికం కలిసింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం పాటలకు డ్రమ్ములు మామే.

"ఏం అబ్బయా, నా డ్రమ్ముకు వెల కట్టేదానికి వచ్చినావంట?" అన్నాడు.

"సెలవుకొచ్చినా మామా."

"సెలవుకొచ్చినోడు సెలవు మాదిరి ఉండాల." కొంచెం దూరం నడిచాక మళ్ళీ అన్నాడు. "ఆదివారం ఆ కాసేపు దాని ముందర కూర్చుంటేనే నేనొక మనిషినిరా. తక్కిన దినాలంతా ఊరోళ్ళ నడుములు కొలిచే టేపుని. అది పోతే నాకేముండాది చెప్పు?"

ఇంటి గుమ్మం దగ్గర ఆగి, "అబద్ధం చెప్పమని నేను అడగను. నిజమే చెప్పు. కాకపోతే నిదానంగా చెప్పు," అన్నాడు.

అంగడి యజమాని నన్ను ఉత్త చేతులతో పంపలేదు. మూడు ముక్కలు చెప్పి పంపాడు. పేరు పలక చూడు. తర్వాతెవరైనా తొలిచిన బొక్కలున్నాయేమో చూడు. అన్నిటికంటే ముఖ్యం, పెద్ద డ్రమ్ము నెత్తిన ఉండే బుజ్జి డ్రమ్ము మీద చైనా బొమ్మ ఉందేమో చూడు. వెనకటి సెట్లలో ఆ బుజ్జి డ్రమ్ము చైనా నుంచి వచ్చేదట. తోలును మేకులతో దిగ్గొట్టి, దాని మీద నోట్లో మంటలున్న ఒక జంతువును రాసేవాళ్ళట. సినిమావాళ్ళు ఏదో నాట్యం సీనుకు అచ్చంగా అలాంటి సెట్టే కావాలని తిరుగుతున్నారు. "ఆ బొమ్మ ఉంటే నేనే రైలెక్కి వస్తాను. లేకపోతే నాకు చెప్పడం కూడా దండగ," అన్నాడు.

మర్నాడు పొద్దున చర్చిలో ముగ్గురం చేరాము. చర్చి పెద్ద చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మామ తన స్టూలు మీద కూర్చున్నాడు, ఎవరైనా లేపుతారేమో అన్నట్టు. నేను డ్రమ్ము చుట్టూ తిరిగాను. తిరగడం బాగా వచ్చు.

పేరు పలక ఉంది. ఇత్తడిది, అక్షరాలు చెరగలేదు. మంచి కంపెనీ. చర్చి పెద్దాయన ముఖం వెలిగింది, మామ ముఖం ఆరింది. పెద్ద డ్రమ్ము ముందు తోలు మీద చెరువు, పడవ, చందమామ రాసి ఉన్నాయి. మా ఊళ్ళో దాన్ని యేసు పడవెక్కిన గలిలయ సముద్రమనే అనుకునేవాళ్ళు. ఆ కంపెనీ వాళ్ళు ఎవరికి అమ్మినా ఆ చెరువే రాసి అమ్మారని నాకు తెలుసు. చెప్పలేదు. నన్ను డ్రమ్ముకు వెల కట్టమన్నారు గాని విశ్వాసానికి కట్టమనలేదు.

పక్కన ఒక బొక్క కనిపించింది. లోపల చెయ్యి పెడితే బల్బు హోల్డరు తగిలింది.

"ఇదేంది?" అన్నాడు పెద్దాయన.

"తేమకు తోలు మెత్తబడకుండా లోపల దీపం పెట్టేవాళ్ళు. వెచ్చగా ఉంటుంది."

మా ఊరికి అప్పటికి కరెంటు రాలేదు. మామ ప్రతి ఆదివారం డప్పును కాచినట్టు తాటాకు మంట వేసి ఆ డ్రమ్మును కాచేవాడు. చెక్క ఒక పక్కంతా గోధుమరొట్టె రంగుకు వచ్చింది. విలువ తగ్గించే మచ్చ అని చెప్పాను.

"కాలకపోతే మోగేదా?" అన్నాడు మామ. తన మచ్చ వల్ల వెల తగ్గినందుకు ఆయనకు సంతోషంగానే ఉంది.

చివరికి బుజ్జి డ్రమ్ము దగ్గరకు వచ్చాను. అది నీలంగా ఉంది. తోలు నీలం, చెక్క నీలం, మేకులు నీలం.

"ఈ రంగేంది పెద్దాయనా?"

"పడవ రంగు. నేనే వేసినా. ఉప్పు నీళ్ళలో ఏండ్లు నానినా ఊడదు."

"ఎందుకేసినారు?"

"కింద ఘటసర్పం ఉండాది. కాళ్ళుండే పాము, నోట్లో నిప్పు. బైబిల్లో సాతాను అదే. దొరగారు ఉన్నన్నాళ్ళు ఓర్చుకున్నా. ఆయన ఓడెక్కినాడు, నేను కుంచె ఎత్తినా. దేవుని వాక్యం చెప్పే మనిషి వీపు ఎనకాల దాన్ని పెట్టుకోని కూర్చుంటామా?"

మద్రాసులో అడుగుతున్నది దాన్నే అని చెప్పాను. ఎంత నిదానంగా చెప్పినా అది ఒక్క వాక్యమే.

పెద్దాయన తాటాకు కప్పు వైపు చూశాడు. మామ మాత్రం, ఆయన గీకడన్న ధైర్యంతో, ఒక్కసారిగా భక్తిపరుడైపోయాడు.

"అయితే గీకాల్సిందే పెద్దాయనా. నువ్వే కప్పినావు, నువ్వే గీకు. పెంకులు కావాల గదా."

"నువ్వుండు."

"పైగా చైనా పామంట. పేపర్లో చైనా సరిహద్దు గొడవ చూస్తానే ఉండాం. అయినా ఏంలే, గీకు."

పెద్దాయన మొలలోంచి పడవలు గీకే కత్తి తీశాడు. ముఖం పక్కకు తిప్పుకుని ఓ చోట గోరంత గీకాడు. నీలం కింద నుంచి ఒక కన్ను బయటపడింది. చుట్టూ ఎరుపు, లోపల పసుపు. అది ముగ్గురినీ సమానంగానే చూసిందని నా అభిప్రాయం. పెద్దాయన మాత్రం అది తననే చూస్తున్నట్టు మెడ తిప్పలేదు.

"ఉండాదా?" అన్నాడు, ఇంకా పక్కకే చూస్తూ.

"ఉండాది," అన్నాను.

ఆయన కత్తి మొలలో దోపి బెంచీ మీద కూలబడ్డాడు. "వెయ్యేండ్లు కట్టిపెట్టాలని బైబిల్లో రాసినదాన్ని పదేండ్లకే నువ్వెట్టా ఇడిపించినావురా అని రేపు పైన అడిగితే నేనేం చెప్పాల? పెంకుల కోసమనా?"

"మంగళూరు పెంకులని చెప్పు," అన్నాడు మామ.

పెద్దాయన నవ్వలేదు. పడవలు బాగుచేసే మనిషి కదా, నీళ్ళు వచ్చే సందు ఎక్కడుంటే అక్కడే అడ్డు వేస్తాడు. కాసేపటికి తలెత్తి, "అబ్బయా, రంగుతోనే ఇచ్చేస్తాం. మద్రాసు పోయినాక మీ వాళ్ళు గీక్కుంటారో, దండం పెట్టుకుంటారో వాళ్ళిష్టం. నా చేత్తో ఇడిపించినట్టు గాదు," అన్నాడు.

మామ కాలు పెడలు మీద నుంచి కిందికి జారింది. ఆయన హాస్యమంతా ఆ చోటనే అయిపోయింది. నా వైపు చూశాడు. అడగనన్న మాట మీద నిలబడ్డాడు.

నేను కింద పడిన రంగు పెచ్చు తీసి వెనక్కి తిప్పాను. వెనక పక్క ఆకుపచ్చగా ఉంది. పొలుసు పొలుసుగా గీతలున్నాయి. కన్ను పక్కన చెంప ఉండాల్సిన చోట తోలు తెల్లగా బోడిగా మిగిలింది. ఆ పెచ్చు పెద్దాయన అరచేతిలో పెట్టాను.

"బొమ్మ మీ రంగుతో లేచొస్తా ఉండాది పెద్దాయనా. మద్రాసులో గీకినా ఇంతే. కన్నొక్కటే మిగిలింది, అదీ అదృష్టం."

ఆయన ఆ పెచ్చును రెండు పక్కలా చూశాడు. పెంకులు పోయిన దుఃఖమూ, తన పనితనం మీద గర్వమూ ఆయన ముఖంలో చోటు కోసం తోసుకున్నాయి.

"నేను చెప్పలా," అన్నాడు చివరికి. "ఊడదని."

మద్రాసు తిరిగి వెళ్ళి యజమానికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన అంతా విని, "నువ్వు దుమ్ము దులపడమే మంచిది," అన్నాడు. అంతకుముందు కూడా నేను చేస్తున్నది అదే గనుక ఉద్యోగంలో మార్పేమీ రాలేదు.

క్రిస్మసుకు ఊరికి వెళ్ళేసరికి వానలు చర్చిని ఎప్పటిలాగే పలకరిస్తూ ఉన్నాయి. అయితే మామ పాత తెరచాప గుడ్డలు కొన్ని జతచేసి ఒక పెద్ద పరదా కుట్టాడు. పెద్దాయన దాన్ని కప్పు కింద దూలాలకు బిగించాడు. ఇద్దరూ కొలతల దగ్గర పోట్లాడుకున్నారట, అందుకని అది వాక్యం చెప్పే చోటుకూ డ్రమ్ములకూ మాత్రమే సరిపోయింది. తక్కిన మేమంతా గొడుగులు పట్టుకుని పాడాము.

ఆ కన్ను అలాగే ఉంది. పెద్దాయన రంగు డబ్బా తెచ్చినప్పుడల్లా మామ "పండగైపోనీ పెద్దాయనా" అనేవాడు. చర్చిలో పండగలకు కొరవ లేదు. నీలం మధ్యలోంచి అది వాక్యం చెప్పే మనిషి వీపును చూస్తూ ఉండేది. ఆ ఏడు నుంచి ప్రసంగాలు కొంచెం పొట్టివయ్యాయని మా అమ్మ అనేది. పొట్టివైన కొద్దీ పాటలు పెరిగాయి. పెరిగిన పాటలకు మామ తొక్కుతూనే ఉన్నాడు.